గట్టాపెర్చా: చెట్టు పాలలో పుట్టిన మొదటి ప్లాస్టిక్

(బంటింగ్‌లో చేసిన రేడియో ప్రసంగానికి అక్షర రూపం)

ఈ వారం ప్లాస్టిక్ చరిత్ర గురించి నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ప్లాస్టిక్‌కి చరిత్రేమిటండీ, అది మొన్న మొన్న వచ్చిందే కదా అని మీరనవచ్చు. బజారు సంచీ, నీళ్ళ సీసా, పిల్లల బొమ్మలు, ఇవన్నీ మొన్న వచ్చినవే. కాని వేడి చేస్తే మెత్తబడి, చల్లారితే గట్టిపడి, మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ మెత్తబడే పదార్థం ఒకటి ఈ మలయా అడవుల్లో చెట్ల పాలలోనే ఉండేది. ఇలాంటి గుణమున్న వాటిని ఇంజనీర్లు థర్మోప్లాస్టిక్ అంటారు. లక్క లాంటివి మనవాళ్ళకి ముందే తెలుసు. కాని ఒక పెద్ద ఇంజనీరింగ్ పనికి, ఇది లేకపోతే ఆ పనే జరగదన్నంతగా పనికొచ్చిన మొదటి థర్మోప్లాస్టిక్ మాత్రం ఇదే. దాని పేరు గట్టాపెర్చా.

ఇక్కడ బంటింగ్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ పేరులో సగం కొత్త కాదు. మలాయ్ భాషలో చెట్టు నుంచి కారే పాలనీ, బంకనీ గెతా అంటారు. మన ఎస్టేటు పెద్దవాళ్ళ నోట రబ్బరు తోటకి కూడా కెబున్ గెతా అన్న మాటే వినిపిస్తుంది. గెతా పెర్చా అన్న మలాయ్ మాట ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి గట్టాపెర్చా అయింది. ఆ పాలు ఇచ్చే చెట్లలో మేలైనదాన్ని మలాయ్‌లు తబాన్ అంటారు. వృక్షశాస్త్రంలో పేరు పాలాక్వియం గట్టా. మన ఊళ్ళలో దీనికి చుట్టాలున్నారు. సపోటా, ఇప్ప, పాల పళ్ళ చెట్టు, ఇవన్నీ ఆ కుటుంబానివే. పచ్చి సపోటాకాయ కోస్తే చేతికి అంటుకుని ఒక పట్టాన వదలని పాలు గుర్తున్నాయా? తబాన్ పాలు దానికి పెద్దన్న అనుకోండి.

మలాయ్‌లకి ఈ పాల సంగతి ఎప్పటినుంచో తెలుసు. గడ్డకట్టిన ముద్దని వేడినీళ్ళలో వేస్తే మైనంలా మెత్తబడుతుంది. చేత్తో ఏ రూపం కావాలంటే ఆ రూపం చెయ్యొచ్చు. చల్లారాక కర్రలా గట్టిపడుతుంది. దాంతో వాళ్ళు పరాంగ్ కత్తులకి పిడులు చేసుకునేవారు. సింగపూర్‌లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఉన్న విలియం మాంట్‌గొమెరీ 1840ల మొదట్లో ఆ పిడులని చూశాడు. ఈ పదార్థం వైద్య పరికరాలకి బాగుంటుందనుకుని 1843లో నమూనాలు లండన్‌కి పంపాడు. 1845లో అక్కడ గట్టాపెర్చా కంపెనీ అన్న పేరుతో ఒక కంపెనీయే వెలిసింది. గొట్టాలు, బూట్ల అట్టలు, అలంకరణ సామాన్లు, 1848 నుంచి గోల్ఫు బంతులు, దేనికి పడితే దానికి దీన్ని వాడేశారు. మీలో ఎవరైనా పంటికి రూట్ కెనాల్ చేయించుకుని ఉంటే, ఆ వేరు కాలువలో నింపినవి చాలా మటుకు గట్టాపెర్చా పుల్లలే. ఈనాటి పుల్లల్లో జింక్ ఆక్సైడ్ పాలే ఎక్కువ గాని, పేరూ, వేడికి మెత్తబడే గుణమూ ఆ చెట్టువే.

ఇప్పుడు కాస్త రసాయన శాస్త్రం. భయపడకండి, వంటింటి సామాన్లతోనే చెబుతాను. రబ్బరు పాలలోనూ గట్టాపెర్చా పాలలోనూ ఉన్నది ఒకే మూల పదార్థం. ఐసోప్రీన్ అనే చిన్న అణువులు వేల సంఖ్యలో చేతులు కలుపుకుని పొడుగాటి గొలుసుగా మారితే అది పాలీఐసోప్రీన్. తేడా అంతా ఆ చేతులు కలుపుకున్న తీరులో ఉంది. రబ్బరులో ప్రతి లంకె ఒకే వైపుకి వంగి ఉంటుంది. దాన్ని సిస్ అమరిక అంటారు. ఆ వంపుల వల్ల గొలుసులు సేమియాలా చుట్టలు చుట్టుకుని ఉంటాయి. లాగితే సాగుతాయి, వదిలితే మళ్ళీ ముడుచుకుంటాయి. గట్టాపెర్చాలో లంకెలు ఎదురెదురు వైపులకి ఉంటాయి. దాన్ని ట్రాన్స్ అమరిక అంటారు. అందువల్ల గొలుసులు తిన్నగా, కొబ్బరి ఈనెల చీపురులా ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా సర్దుకుంటాయి. అలా సర్దుకున్న చోట స్ఫటికాలు ఏర్పడతాయి. అందుకే అది మామూలు వేడిలో గట్టిగా ఉంటుంది, రబ్బరులా సాగదు. అరవై డిగ్రీల చిల్లరకి చేరేసరికి ఆ స్ఫటికాలు కరిగి ముద్ద మెత్తబడుతుంది. చల్లార్చితే గొలుసులు మళ్ళీ సర్దుకుంటాయి. థర్మోప్లాస్టిక్ రహస్యం ఇంతే. గొలుసులు తెగవు, కలవవు. వేడికి పక్కకి జరిగి, చల్లదనానికి మళ్ళీ దగ్గరవుతాయి.

రబ్బరు సంగతి వేరు. దాన్ని పనికొచ్చేలా చెయ్యాలంటే గంధకం కలిపి ఉడికించాలి. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టిన పద్ధతి అది. గంధకం గొలుసుకీ గొలుసుకీ ముడులు వేసేస్తుంది. ముడి పడ్డ రబ్బరుని ఎంత వేడి చేసినా మళ్ళీ కరగదు, మాడుతుంది. అంచేత తోబుట్టువులిద్దరూ రెండు దారులు పట్టారు. ఒకటి సాగుతుంది, తిరిగి కరగదు. రెండోది సాగదు, ఎన్నిసార్లయినా కరుగుతుంది.

ఈ రెండో తోబుట్టువుకి మరో రెండు గుణాలున్నాయి. నీళ్ళని పీల్చదు. విద్యుత్తుని పోనివ్వదు. ఈ విషయం మైకేల్ ఫారడే 1848లో ప్రచురించాడు. అంతకు ముందే, 1847లో, జర్మనీలో వెర్నర్ సీమెన్స్ రాగి తీగ మీద గట్టాపెర్చాని అతుకు లేకుండా పూసే యంత్రం తయారు చేశాడు. తంతి తీగని సముద్రం దాటించాలని అప్పటికే చాలామంది ఉబలాటపడుతున్నారు. ఏ పూత వేసినా ఉప్పునీళ్ళు లోపలికి దిగేవి. వెచ్చగా పూస్తే తీగకి అంటుకుపోయి, చల్లటి నీళ్ళలో గట్టిపడి, ఎన్నేళ్ళున్నా తడవని పదార్థం దొరకగానే తలుపులు తెరుచుకున్నాయి. 1850లో ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య వేసిన తీగ వెంటనే తెగిపోయింది. 1851లో వేసింది నిలబడింది. 1858లో అట్లాంటిక్ దాటిన తీగ కొన్ని వారాల్లోనే మూగబోయింది. 1866లో వేసింది పలికింది.

ఇక మన కథ. 1870లో ఇంగ్లండు నుంచి బొంబాయి దాకా సముద్రపు తీగ వచ్చింది. 1871 నాటికి మద్రాసు నుంచి పినాంగ్‌కీ, పినాంగ్ నుంచి సింగపూర్‌కీ తీగ పడింది. అంటే మన తెలుగు జిల్లాలు ఏ రాజధాని కింద ఉండేవో ఆ మద్రాసు నగరం, ఈ మలయా ద్వీపకల్పం బంగాళాఖాతం అడుగున ఒక రాగి తీగతో కలిశాయి. ఆ తీగ చుట్టూ ఉన్నది ఈ ప్రాంతపు చెట్ల పాలే. ఓడలో రోజుల తరబడి వచ్చే కబురు గంటల్లో రావడం మొదలైంది. నా ఉద్యోగం కంప్యూటర్లతో. 2002లో చెన్నైకీ సింగపూర్‌కీ మధ్య ఐటూఐ అనే గాజు తంతుల కేబుల్ పడింది. అది పనిచేసే సముద్రం ఈ పాత తీగ సముద్రమే అని ఆలస్యంగా తెలిసింది నాకు. మన వీడియో కాల్స్‌కి తాతమ్మ ఆ తీగ.

అదలా ఉంచి, లెక్కలోకి వద్దాం. తబాన్ చెట్టుతో ఒక చిక్కుంది. రబ్బరు చెట్టులో పాల నాళాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఒక గాటు పెడితే పాలు జాలువారుతూనే ఉంటాయి, రేపు మళ్ళీ గాటు పెట్టుకోవచ్చు. తబాన్‌లో నాళాలు చిన్న చిన్న ముక్కలుగా, విడివిడిగా ఉంటాయి. పైగా పాలు గాలి తగలగానే గడ్డకట్టేస్తాయి. అంచేత గాటు పెడితే వచ్చేది బొట్లే. తొందరగా సొమ్ము కావాలనుకున్నవాళ్ళు చెట్టునే నరికి పడేసి, మాను పొడుగునా కంకణాల్లా బెరడు కోసి, కారినంత పట్టుకునేవారు. చాలా భాగం పాలు బెరడులోనే వృథాగా ఉండిపోయేవి. ఎన్నో ఏళ్ళు ఎదిగిన చెట్టు నుంచి ఒక్క కిలో కూడా రాకపోవడమే మామూలు.

1857లో తయారైన మొదటి అట్లాంటిక్ కేబుల్ పొడుగు 2,500 నాటికల్ మైళ్ళు. మైలుకి 261 పౌన్ల గట్టాపెర్చా పట్టింది. గుణించి చూడండి, 6,52,500 పౌన్లు, అంటే దాదాపు 296 టన్నులు. చెట్టుకి కిలో వచ్చిందని ఉదారంగా లెక్కేసినా, ఒక్క కేబుల్‌కి మూడు లక్షల చెట్లు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ప్రపంచ సముద్రాల అడుగున లక్షన్నర నాటికల్ మైళ్ళకి పైగా కేబుల్ ఉంది. ఇక మిగిలింది మీరే ఊహించుకోండి. సింగపూర్ చుట్టుపక్కల పెద్ద తబాన్ చెట్లు కొన్నేళ్ళలోనే మాయమయ్యాయి. తర్వాత ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియో అడవుల వంతు వచ్చింది.

ఆ చెట్లని వెతికి కొట్టినవాళ్ళు ఎక్కువగా అడవిలో బతికే ఒరాంగ్ అస్లీలు, మలాయ్‌లు. ఆ చెట్టు ఎక్కడుంటుందో తెలిసింది వాళ్ళకే. ముద్దలు చేతులు మారి, రేవులు దాటి, లండన్ చేరేసరికి ధర ఎక్కడికో పోయేది. ఆ రోజుల్లో ఈ ప్రాంతం ఎలా ఉండేదో తెలియాలంటే మన పక్కనున్న జుగ్రా వెళ్ళి చూడండి. 1857 నుంచి 1898 దాకా సెలాంగోర్‌ని ఏలిన సుల్తాన్ అబ్దుల్ సమద్ కొలువున్న చోటు అది. ఫ్రాంక్ స్వెటన్‌హామ్ 1874లో బ్రిటిషువాళ్ళ తరఫున వచ్చి సుల్తాన్ దగ్గర మకాం పెట్టింది ఈ లంగాట్ నది ఒడ్డునే. అప్పటికి రోడ్లు లేవు, రైలు లేదు. నది, అడవి, మడ, అంతే. మొదటి అట్లాంటిక్ కేబుల్ ఓడలకెక్కిన ఏడూ, ఆయన గద్దెనెక్కిన ఏడూ ఒకటే.

చెట్టు చావకుండా పాలు తియ్యలేమా అని ఆలోచించినవాళ్ళు లేకపోలేదు. డచ్చివాళ్ళు 1885లో జావాలోని చిపెతిర్ అనే చోట తబాన్ తోట వేశారు. అక్కడ చెట్టు నరక్కుండా ఆకులు కోసి, నలిపి, వాటిలోంచి గట్టాపెర్చా తీశారు. ఆ తోటకి ఒక విచిత్రమైన కొసరు కథ ఉంది. 2012 నుంచి ఇంగ్లండు, ఫ్రాన్సు వంటి దేశాల తీరాలకి తోట పేరు అచ్చు వేసిన పలకలు కొట్టుకురావడం మొదలైంది. 1917లో మునిగిపోయిన మియజాకి మారు అనే జపాను ఓడలోవి అయి ఉంటాయని వెతికినవాళ్ళు తేల్చారు. దాదాపు వందేళ్ళు ఉప్పునీళ్ళలో నానినా ఆ అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఈ పదార్థానికి ఇంతకంటే మంచి పరీక్ష ఏ ప్రయోగశాలా పెట్టలేదు. ఎండా గాలీ తగిలితే మాత్రం గట్టాపెర్చా పెళుసెక్కి పగుళ్ళిస్తుంది. చీకటి, చల్లదనం, నీళ్ళు, ఇవే దానికి అనుకూలం. సముద్రపు అడుగు దానికి పుట్టిల్లు లాంటిది.

తబాన్ తరిగిపోతున్న కాలంలోనే మొదటి తోబుట్టువు వచ్చింది. 1877లో బ్రెజిల్ రబ్బరు మొక్కలు ఇరవై రెండు, లండన్ క్యూ తోట మీదుగా సింగపూర్ చేరాయి. 1888లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ బాధ్యత తీసుకున్న హెన్రీ రిడ్లీ, చెట్టుని చంపకుండా మళ్ళీ మళ్ళీ గాటు పెట్టే పద్ధతిని స్థిరపరిచాడు. 1896లో మలక్కాలో తన్ చే యాన్ మొదటి వాణిజ్య తోట వేశాడు. ఆ తర్వాత చరిత్ర మన ఇళ్ళలోనిదే. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల నుంచి మనవాళ్ళు కంగాణీల వెంట ఓడలెక్కి ఇక్కడి ఎస్టేట్లలో దిగారు. తెల్లవారకముందే లేచి, చీకట్లో చెట్టు చెట్టుకీ తిరిగి గాట్లు పెట్టారు.

ఒక సంగతి గమనించండి. ఆ గాటు పెట్టిన చేతికి ఎంత కూలి ముట్టాలో చివరికి తేల్చేది లండన్ రబ్బరు ధర. ఆ ధర మలయాకి చేరేది సముద్రపు తీగ మీద. అంటే గట్టాపెర్చా లోపల నుంచి వచ్చిన కబురు రబ్బరు పాలు తీసేవాడి కంచంలో అన్నాన్ని కొలిచింది. 1929 తర్వాత రబ్బరు ధర కుప్పకూలింది. 1930 నుంచి 1932 దాకా లక్షమందికి పైగా భారతీయ కూలీలని మలయా నుంచి మద్రాసు ఓడలెక్కించి వెనక్కి పంపేశారు. ఎందుకు పొమ్మంటున్నారో వాళ్ళలో ఎంతమందికి తెలిసి ఉంటుంది? ధర పడిపోయిందన్న వార్త సముద్రం దాటడానికి గంటలు చాలు. వాళ్ళు సముద్రం దాటడానికి రోజులు పట్టింది.

గట్టాపెర్చా కాలం చెల్లింది 1933లో. ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనే ఇద్దరు, ఎథిలీన్ వాయువుని విపరీతమైన ఒత్తిడిలో పెట్టి ఇంకేదో చెయ్యబోతే, పాత్ర అడుగున తెల్లటి మైనం లాంటిది మిగిలింది. అదే పాలిథిన్. నీళ్ళు పీల్చదు, విద్యుత్తుని పోనివ్వదు, వేడికి కరుగుతుంది. ఇవన్నీ గట్టాపెర్చా గుణాలే కదా? అందుకే దాని తొలి ఉపయోగాల్లో ఒకటి కేబుల్ పూత. 1956లో అట్లాంటిక్ దాటిన మొదటి టెలిఫోను కేబుల్‌కి పాలిథినే తొడిగారు. ఇవాళ్టి గాజు తంతుల కేబుళ్ళకి కూడా పై తొడుగు పాలిథినే. అదే ఐసీఐలో 1978లో పీక్ అనే మరో థర్మోప్లాస్టిక్ పుట్టింది. 343 డిగ్రీల దాకా కరగదు. విమానాల్లోనూ, వెన్నెముక శస్త్రచికిత్సల్లోనూ లోహానికి బదులు వాడుతున్నారు. వేడినీళ్ళకే మెత్తబడే చెట్టు పాల నుంచి ఇంత దూరం వచ్చాం. సూత్రం మాత్రం మారలేదు. గొలుసులు, వాటి సర్దుబాటు, వేడి.

ఇంక కథ సుఖాంతం అనుకుంటుండగా అది మన గుమ్మంలోకి వచ్చింది. చైనా 2018 జనవరి నుంచి విదేశీ ప్లాస్టిక్ చెత్త దిగుమతిని ఆపేసింది. అమెరికా, యూరప్, జపాను దేశాల చెత్త మలేషియా దారి పట్టింది. ఆ ఏడాది మొదటి ఏడు నెలల్లోనే ఏడు లక్షల టన్నులకి పైగా వచ్చి పడింది. పోర్ట్ క్లాంగ్‌కి దగ్గర కాబట్టి మన క్వాలా లంగాట్ జిల్లాలో అనుమతి లేని కార్ఖానాలు పుట్టగొడుగుల్లా లేచాయి. క్లాంగ్ నుంచి బంటింగ్ వచ్చే దారిలోని జెంజారోం పేరు ప్రపంచ పత్రికలకెక్కింది. ముప్పైకి పైగా కార్ఖానాలు మూయించాక కూడా ఆ ఊళ్ళో దిక్కులేకుండా మిగిలిన చెత్త 17,000 టన్నులు. రాత్రిళ్ళు తగలబెట్టే పొగకి నిద్రలూ ఊపిరీ కష్టమై, ఊరివాళ్ళే గుంపు కట్టి, ఫొటోలు తీసి, ఫిర్యాదులు చేసి ఈ సంగతి బయటపెట్టారు.

థర్మోప్లాస్టిక్ ఎన్నిసార్లయినా కరుగుతుందని చెప్పాను కదా, మరి కరిగించక ఎందుకు తగలబెట్టారు? ఎందుకంటే కరిగే గుణం ఉన్నంత మాత్రాన సరిపోదు. పాలిథిన్ 110 నుంచి 130 డిగ్రీల మధ్య కరుగుతుంది. నీళ్ళ సీసా ప్లాస్టిక్‌కి 250 డిగ్రీలు దాటాలి. పీవీసీని అంత వేడి చేస్తే ఆమ్ల వాయువు వదులుతూ విరిగిపోతుంది. ఒకదానితో ఒకటి నూనే నీళ్ళలా కలవవు. విడివిడిగా ఏరి, కడిగి, ఆరబెడితేనే మంచి సరుకు. కరిగించిన ప్రతిసారీ గొలుసులు కొంత తెగి బలం తగ్గుతుంది కూడా. ఏరడానికి కూలి ఖర్చు, కడగడానికి నీళ్ళ ఖర్చు. లాభం ఉన్నది ఏరుకుని, మిగతాది అగ్గిపుల్లకి అప్పగించారు. పదార్థంలో లోపం లేదు. ఖర్చు ఎవరు మొయ్యాలన్న దగ్గరే పేచీ. అది ఈ ఊరి ఊపిరితిత్తులు మోశాయి.

2020 జనవరి నాటికి మలేషియా ప్రభుత్వం 150 కంటెయినర్ల చెత్తని, 3,737 టన్నులు, వచ్చిన దేశాలకే తిప్పి పంపింది. 2019లో బేసెల్ ఒప్పందాన్ని సవరించి, మురికి ప్లాస్టిక్‌ని తీసుకునే దేశం ముందస్తు అంగీకారం లేకుండా పంపకూడదన్నారు. అది 2021 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. 2025 జులై నుంచి ఆ ఒప్పందంలో చేరని దేశాల ప్లాస్టిక్ చెత్తని మలేషియా ఆపేసింది.

నూట డెబ్భై ఏళ్ళ కథ ఇది. ఈ నేల నుంచి ఒక ప్లాస్టిక్ ప్రపంచానికి వెళ్ళింది. చెట్లు పోయాయి, లాభం దూరాన చేరింది. తర్వాత ప్రపంచపు ప్లాస్టిక్ ఈ నేలకి తిరిగి వచ్చింది. లాభం మళ్ళీ దూరానే ఉంది, పొగ ఇక్కడ మిగిలింది. రెండుసార్లూ ఆ పదార్థం చేసిన తప్పేమీ లేదు. వేడి చేస్తే మెత్తబడటం, చల్లారితే గట్టిపడటం తప్ప దానికి ఇంకేమీ తెలియదు. ఎవరి చెట్టు, ఎవరి చెయ్యి, ఎవరి ఊపిరి అన్న లెక్క మనుషులు రాసుకోవలసిందే.

అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ ఇది చదువుతున్న అన్నయ్యలూ అక్కయ్యలూ, మీరు నీలం డబ్బాలోనో, పసుపు డబ్బాలోనో వేసిన సీసా ఎక్కడికి వెళ్తుందో మీ ఊరి పురపాలక సంఘాన్ని ఒకసారి అడిగి చూడండి. కడిగి, ఒకే రకం వేరుచేసి వెయ్యడం మన చేతిలో ఉన్న పని. ఇక్కడి శ్రోతలకి ఇంకో మనవి. మీ ఇళ్ళలో గెతా పాలు తీసిన తాతలూ అమ్మమ్మలూ ఉంటే, కత్తి ఎలా పట్టేవారో, బాల్చీకి ఎంత ఇచ్చేవారో, ధర పడిన ఏడు ఏం తిన్నారో అడిగి రాసి పెట్టుకోండి. తబాన్ చెట్లు కొట్టినవాళ్ళ మాటలు ఎవరూ రాసిపెట్టలేదు. మనవాళ్ళవైనా మిగలాలి.

సెలవు.